కనిపెట్టినవాళ్ళూ, కనిపెట్టుకుని ఉన్నవాళ్ళూ

మనకి ఒక ఇంజనీర్ల పంచాంగం ఉంది. మే 15 కాటన్ దొర జయంతి. జూలై 11 నవాబ్ అలీ నవాజ్ జంగ్ జయంతి. సెప్టెంబర్ 15 మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతి. ఆ రోజుల్లో ఫోన్ తెరిస్తే రెండే రకాల రాతలు కనిపిస్తాయి. మొదటిది పూలదండ: ఆ మహానుభావుడు రాకపోతే మనకి నీళ్ళూ లేవు, అన్నమూ లేదు. రెండోది చెప్పులదండ: వాడొచ్చిందే దోచుకోడానికి, సర్వే అంటే దొంగ ముందురోజు వచ్చి ఇల్లు చూసుకుని పోవడమే. మొదటి రకం రాసేది ఎక్కువగా మా నాన్నగారి వయసు వాళ్ళు. రెండో రకం రాసేది నా వయసు వాళ్ళూ, నాకంటే చిన్నవాళ్ళూ. రెండు గుంపుల్లోనూ నాకు స్నేహితులున్నారు కాబట్టి ఈ వ్యాసం తర్వాత ఎందరు మిగులుతారో చూడాలి.

ఇద్దరి మీదా నా ఫిర్యాదు ఒకటే. వాళ్ళలో ఎవరూ ఆ సర్వేలు చదవరు. చదవకుండా దండం పెట్టడానికీ, చదవకుండా తిట్టడానికీ పెద్ద తేడా ఏమీ లేదు. రెండూ పుస్తకం మూసే ఉంచుతాయి.

తెలుగులో ‘కనిపెట్టడం’ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. కొత్తగా ఒకదాన్ని కనుక్కోవడం మొదటిది. ‘పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టుకుని ఉండు’ అంటామే, అది రెండోది. ఒక కన్ను వేసి ఉంచడం, దాని కదలిక తెలుసుకుంటూ ఉండడం. మన నేల మీద జరిగిన తొలి శాస్త్రీయ సర్వేలన్నీ ఈ రెండు అర్థాలకీ మధ్య జరిగిన వ్యవహారం. తరతరాలుగా ఆ రాయినీ ఆ ఏటినీ కనిపెట్టుకుని ఉన్నవాళ్ళు చూపించారు, వచ్చినవాళ్ళు కనిపెట్టామని రాసుకున్నారు. పూలదండ వాళ్ళకి చూపించినవాళ్ళు కనబడరు. చెప్పులదండ వాళ్ళకి రాతలో ఏముందో అక్కర్లేదు. చిత్రమేమిటంటే, చూపించినవాళ్ళ జాడ మిగిలింది ఎక్కువగా ఆ రాతలోనే.

ఊరికే అంటున్న మాట కాదు. ముందు ఉక్కు సంగతి చూద్దాం.

1818లో కర్నల్ లాంబ్టన్ చేస్తున్న కొలతల పనికి ‘గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే’ అని పేరు పెట్టి గవర్నర్ జనరల్ కిందకి తెచ్చారు. అప్పుడు ఆ బృందంలోకి హెన్రీ వెస్లీ వాయిసీ అనే డాక్టర్ వచ్చాడు. రెండు పనులకి ఒకే జీతగాడు: మనుషులకి జ్వరమొస్తే మందివ్వాలి, మిగతా టైంలో రాళ్ళు చూడాలి. హైదరాబాద్ రాజ్యపు రాళ్ళకి తొలి పటం గీసింది ఇతనే. భారత భూవిజ్ఞానానికి పితామహుడని ఇతన్ని అంటారు. 1819లో గోదావరికీ కృష్ణకీ మధ్య అడవుల్లో కొలతలు తీస్తుండగా బృందమంతా జ్వరాన పడింది. హైదరాబాద్ నుంచి పల్లకీలూ ఏనుగులూ పంపించి మోయించుకు రావాల్సొచ్చింది. కొందరు దారిలోనే చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్ళలో జార్జ్ ఎవరెస్ట్ ఒకడు. అతని పేరు ఒక శిఖరానికి పెట్టారు. ఆ దారిలో పోయిన కూలీల పేర్లు ఏ గుట్టకీ పెట్టలేదు.

వాయిసీ నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే ఊరికి వెళ్ళాడు. అక్కడి కమ్మర్లు మూసలో ఉక్కు తయారుచేస్తుంటే కూర్చుని చూశాడు. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమునీ కలిపి మూసలో పెట్టడం, తిత్తులతో ఊదుతూ గంటల తరబడి కాల్చడం, చల్లారాక వచ్చిన ఉక్కు బిళ్ళకి మట్టి పూసి మళ్ళీ మళ్ళీ వేడిచేసి మెత్తబరచడం, అంతా రాశాడు. ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు ఆ ఊరిదాకా వచ్చేవాళ్ళు. వాయిసీ 1824లో చనిపోయాడు. ఈ కొద్ది పేజీలూ 1832లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. అప్పటికే ఇంగ్లండ్‌లో ఇదే రకం ఉక్కుని ‘వూట్జ్’ అని పిలుస్తూ మైకేల్ ఫారడే అంతటివాడు దాని గుట్టు తెలుసుకోవాలని లాబ్‌లో కుస్తీ పట్టి ఉన్నాడు. ఆ వూట్జ్ అనేది మన కన్నడ, తెలుగు ‘ఉక్కు’కి వచ్చిన తిప్పలు.

నా వృత్తి భాషలో చెప్పాలంటే, కోడ్ రాసింది ఒకరు, కామిట్ చేసింది ఇంకొకరు. రికార్డులో కామిట్ చేసినవాడి పేరే ఉంటుంది. ఆఫీసుల్లో ఈ అన్యాయం రోజూ చూస్తాం కాబట్టి చెప్పులదండ వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఒక్క నిమిషం ఆగండి. ఆ కొలుములు ఆరిపోయి తరాలు దాటింది. ఇవాళ ఆ ఊరి పరిసరాల్లో చిట్టెపు దిబ్బలున్నాయి. ఆ చేతులు ఏ వరసలో ఏం చేశాయో చెప్పే కళ్ళారా చూసిన కథనం కావాలంటే వాయిసీ దగ్గరికే వెళ్ళాలి. అతని రాతని చెత్తబుట్టలో పారేస్తే ఆ బుట్టలో పడేది వాయిసీ ఒక్కడే కాదు, కోనసముద్రం కమ్మర్లు కూడా.

ఇప్పుడు పూలదండ వాళ్ళ వైపు తిరుగుతాను. వాళ్ళకి ఇష్టమైన కథ సింగరేణి. భద్రాచలం వెళ్ళే యాత్రికులు ఇల్లందు దగ్గర ఆగి, రాళ్ళు పేర్చి పొయ్యి పెట్టుకుంటే రాళ్ళే అంటుకున్నాయట. ఆ వార్త విని జియలాజికల్ సర్వే నుంచి డాక్టర్ విలియం కింగ్ వచ్చి, 1871లో బొగ్గు ‘కనిపెట్టాడు’. కథ బాగుంది, పిల్లలకి చెప్పొచ్చు. కానీ దాని నిర్మాణం చూడండి. అందులో యాత్రికులు ఉలిక్కిపడతారు, కింగ్ అర్థం చేసుకుంటాడు. మనవాళ్ళ వంతు ఆశ్చర్యం, దొరల వంతు జ్ఞానం. ఆ చుట్టుపక్కల వాళ్ళు ఇల్లందుని ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. గనిలో ఒక పొరకి మాత్రం ‘కింగ్ సీమ్’ అని పేరు.

పేర్ల మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. ఈ బొగ్గు ఉండే రాళ్ళని భూవిజ్ఞానులు 1870లలో ‘గోండ్వానా’ అన్నారు. తర్వాత ఒక మహాఖండానికే ఆ పేరు పెట్టారు. అంటార్కిటికా పాత కథ చెప్పాలన్నా గోండుల పేరు తలుచుకోవాల్సిందే. ఆ గోండులే ఆదిలాబాద్‌లో తమ అడవీ భూమీ తమవని చెప్పుకోడానికి 1940లో కొమరం భీమ్ నాయకత్వంలో తుపాకులకి ఎదురు నిలబడాల్సొచ్చింది. పేరు ఖండమంత, పట్టా మాత్రం లేదు.

సింగరేణి కథలో యాత్రికుల తర్వాతి అధ్యాయం మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు. 1880ల మొదట్లో నిజాం ప్రభుత్వం రైల్వేని ఒక ఇంగ్లీష్ కంపెనీకి అప్పగించి, చాందా దాకా లైను వేయించి, పెట్టుబడికి వడ్డీ గ్యారంటీ ఇవ్వాలనుకుంది. 1883లో హైదరాబాద్‌లో కొంతమంది లేచి, ఆ ఒప్పందం షరతులు జనానికి చూపించమన్నారు. వాళ్ళలో ముఖ్యుడు డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ, ఎడిన్‌బరోలో డాక్టరేట్ తీసుకున్న రసాయన శాస్త్రవేత్త, సరోజినీ నాయుడి తండ్రి. ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఇంకొకడు. వాళ్ళడిగింది తిరుగుబాటు కాదు, కాగితాలు. దానికి జవాబుగా అఘోరనాథ్‌ని రాజ్యం నుంచే బయటికి పంపించారు.

1886లో గనుల హక్కులు లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి వెళ్ళాయి. షేర్లలో పెద్ద భాగం హక్కు సంపాదించుకొచ్చిన వాళ్ళ చేతుల్లోనే పడింది. రైలు బేరంలోనూ గనుల బేరంలోనూ నిజాం తరఫున నడిచిన సర్దార్ అబ్దుల్ హక్ పేరు ఆ షేర్ల గొడవలో బయటికొచ్చి, 1888లో బ్రిటిష్ పార్లమెంట్ ఒక కమిటీ వేసి విచారించింది. ఆ మరుసటి సంవత్సరం బొగ్గు తవ్వకం మొదలైంది. కింగ్ రిపోర్టుకీ షేర్ సర్టిఫికెట్‌కీ మధ్య దూరం పదిహేనేళ్ళు. ‘కేవలం విజ్ఞానం కోసం’ అని ఎవరైనా అంటే ఈ పదిహేనేళ్ళూ చదువుకుని రమ్మనండి.

అయితే ఇదే కథ చెప్పులదండ వాళ్ళకి కూడా జవాబు. దోపిడీని మొదట పట్టుకున్నది ఎవరు? సైన్సు చదువుకున్న మనిషి. ‘సర్వే అంటే దొరల కుట్ర, మాకొద్దు’ అనలేదు అఘోరనాథ్. లెక్కలు చూపించండి అన్నాడు. కొలతని ఎదిరించడానికి కొలతే కావాలని ఆయనకి తెలుసు. ఈ పాఠం మా తరానికి ఎందుకో అంతగా ఎక్కలేదు. ‘కలోనియల్ నాలెడ్జ్’ అని ఒక ముద్ర కొట్టేసి ఫైలు మూసేస్తే తిరుగుబాటు పూర్తయినట్టు అనుకుంటున్నాం.

కాటన్ విషయంలోనూ అంతే. గోదావరి జిల్లా జనాభా 1821లో 7,38,308. 1841కి 5,61,041. కరువులకి చచ్చినవాళ్ళూ వలసపోయినవాళ్ళూ కలిసి ఇరవై ఏళ్ళలో దాదాపు పావు వంతు జనం తగ్గిపోయారు. ఆ నేల మీద కాటన్ సర్వే చేసి, ఆనకట్ట కట్టమని వాదించాడు. 1847లో మొదలుపెట్టి 1852కి ముగించాడు. అతను కంపెనీకి చెప్పిన మాటల్లో దయ కంటే లాభం లెక్క ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే కంపెనీకి అర్థమయ్యే భాష అదొక్కటే. భక్తులకి ఈ లాభం లెక్క కనిపించదు. ద్వేషులకి అది తప్ప ఇంకోటి కనిపించదు. ఇద్దరికీ కనిపించనిది ఒకటుంది: లోతు తెలియని ఇసకలో పునాది నిలబెట్టడం ఎలాగో కావేరి మీద కల్లణై కట్టిన పాతకాలపు వాళ్ళ దగ్గర నేర్చుకున్నామని కాటనే ఒప్పుకున్నాడు. విగ్రహాలకి పాలాభిషేకం చేసేవాళ్ళు ఆ ఒప్పుకోలు చదివితే పాలలో కొంతైనా ఆ పేరులేని తాపీ మేస్త్రీలకి దక్కేది.

ఇక మా ఊరి నీళ్ళ దగ్గరికి వస్తాను. నేను మల్కాజ్‌గిరిలో ఉంటాను. ఇక్కడికి కొత్తగా వచ్చినవాడికి చెరువుల కంటే ముందు వాటి పేర్లు కనబడతాయి, బస్టాపుల మీదా అపార్ట్‌మెంట్ల మీదా. సఫిల్‌గూడ చెరువు, ఆర్కే పురం చెరువు, బండ చెరువు. బండ చెరువు అన్న పేరే ఒక సర్వే రిపోర్టు. కింద బండ ఉంది, బండ నీళ్ళు తాగదు, వాన పడితే పల్లానికి పరిగెడుతుంది, కాబట్టి పల్లంలో కట్ట వేసి ఆపాలి. ఒక చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువులోకి, అక్కణ్ణుంచి నాలాలోకి, చివరికి మూసీలోకి. ఆ పేరు పెట్టినవాడు ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళలేదు, నేను వెళ్ళాను. మా బిల్డర్ బ్రోషర్‌లో ‘లేక్ వ్యూ’ అని వేశాడు. 2020 అక్టోబర్ వానలకి లేక్ నేరుగా మా సెల్లార్‌లోకే వచ్చి వ్యూ ఇచ్చింది. నాలుగేళ్ళ తర్వాత హైడ్రా బుల్డోజర్లు వచ్చాక నగరమంతా ‘ఎఫ్‌టీఎల్’ అనే మాట నేర్చుకుంది. చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. చిన్న గీతే, కానీ దాని ఇవతల ఉంటే ఇల్లు, అవతల ఉంటే శిథిలం.

ఆ గీత ఎందుకు కావాలో వందేళ్ళ కిందటే ఒక సర్వే చెప్పింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్ మీద పడింది. పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. మనం ఈ కథని ‘ఆయన వచ్చాడు, రెండు రిజర్వాయర్లు కట్టమన్నాడు, నగరం బతికింది’ అని మూడు ముక్కల్లో ముగిస్తాం. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయిన మాట నిజమే. నాకు మాత్రం రిజర్వాయర్ల కంటే ముందు ఆయన చేసిన లెక్క గొప్పగా అనిపిస్తుంది. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్ళు. అందులో చెరువులు 788. అంటే సుమారు చదరపు మైలుకో చెరువు. ఆ వానకి తెగినవి 221. అందులో ఈసీ వైపు 182, మూసీ వైపు 39. ఒక చెరువు తెగితే దాని నీళ్ళన్నీ కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. వరదకి వాన ఒక్కటే కారణం కాదు, గొలుసుకట్టు తెగిన తీరు కూడా కారణం.

ఇంకో అంకె: శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన. ఈ అంకె దగ్గర నేను కాసేపు ఆగిపోతాను. అది ఉందంటే ఎవరో ఒక చిన్న ఉద్యోగి ఆ కుంభవృష్టిలో వానమాపకం దగ్గరికి వెళ్ళి, కొలిచి, కాగితం తడవకుండా రాసి ఉంచాడు. పేరు లేదు. కనిపెట్టుకుని ఉన్నవాడు. అతని అంకె లేకపోతే విశ్వేశ్వరయ్య తెలివి కూడా గాలిలో దీపమే. మన వాదనేమో, మూసీని కాపాడింది మైసూర్ ఇంజనీరా, నిజాం ఇంజనీర్లా అని. సెప్టెంబర్ 15 గొప్పదా, జూలై 11 గొప్పదా అని. ఈ గొడవలో శంషాబాద్ ఉద్యోగికి ఏ తారీఖూ లేదు. సరే, తారీఖు సంగతి పోనివ్వండి. ఆ 788 చెరువుల లెక్కని చదివిన నగరమైతే, నాలా మీద స్లాబ్ వేసి షెడ్డు కట్టుకోడానికి కాస్తయినా జంకేది.

‘ఇది సాహిత్య పత్రిక కదా, రాళ్ళూ చెరువులూ ఇక్కడెందుకు?’ అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళని ఒక ప్రశ్న అడుగుతాను. మనం గొప్పగా చెప్పుకునే కైఫీయత్తులు ఎక్కడివి? ఊరూరి చరిత్రా తెలుగులో రాయించి పోగేసిన కోలిన్ మెకంజీ వృత్తిరీత్యా సర్వేయర్. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేల కొలవడానికి వచ్చినవాడి సంచిలోంచే మన స్థానిక చరిత్ర సగం బయటికొచ్చింది. దాన్ని నింపింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగు అన్నదమ్ములూ వాళ్ళ సహాయకులూ. మెకంజీ పోయాక ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగాడు. ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ ఒప్పుకోలేదు. నేటివ్‌కి సమాచారం తేవడం చేతనవుతుంది, దాన్ని విచారించి తేల్చడం చేతకాదని ఆ కాదనడానికి అర్థం. కాబట్టి సర్వేకీ తెలుగు సాహిత్యానికీ సంబంధం లేదనడం చరిత్ర తెలియని మాట. ఆ సంబంధం ఎంత దగ్గరిదో, అందులో అవమానం ఎంతుందో తెలిస్తే ఇంకా జాగ్రత్తగా చదువుతాం.

ఎలా చదవాలి? నవలని చదివినట్టే. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరిని మాట్లాడనివ్వడం లేదు, ‘స్థానికులు చెప్పారు’ అన్న ముక్క ఎక్కడొచ్చింది, ఆ స్థానికుడు ఏ కులం, ఏ పనివాడు, అతను చెప్పినదాన్ని రచయిత నమ్మాడా, నవ్వాడా, తర్వాతి పేజీలో తన పేరు మీద రాసుకున్నాడా. అంకె ఎక్కడ ఆగింది, అంచనా ఎక్కడ మొదలైంది. కథల్లో అవిశ్వసనీయ కథకుడి గురించి పేజీలకి పేజీలు రాస్తాం. వాయిసీ, కింగ్, కాటన్ కంటే ఆసక్తికరమైన అవిశ్వసనీయ కథకులు నాకు ఈ మధ్య ఏ నవల్లోనూ తగల్లేదు. అబద్ధం చెప్పారని కాదు. సగం నిజం ఎంతో నిజాయితీగా చెప్పారు.

అందుకని నాది చాలా చిన్న డిమాండ్. కోనసముద్రం ఉక్కు మీద వాయిసీ రాసిన కొద్ది పేజీలు, ఇల్లందు బొగ్గు మీద కింగ్ రాసింది, మూసీ వరద మీద విశ్వేశ్వరయ్య నివేదిక, ఈ మూడూ తెలుగులోకి రావాలి. ఆ చెరువుల పేర్లు ఇప్పటికీ తెలిసిన ముసలివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళ మాటల్లోకి రావాలి. విదేశీ నవలలు ఏటా ఇన్ని అనువదించుకుంటున్నాం, ఈ కొద్ది పేజీలు బరువా?

వచ్చే సెప్టెంబర్ 15న దండ పట్టుకుని బయల్దేరేముందు, ఆ 788 చెరువుల్లో ఒక పది పేర్లు చెప్పండి. పదెందుకు, మీ ఇంటికి దగ్గర్లో ఉన్న చెరువు అలుగు ఏ దిక్కున పారేదో చెప్పండి. ఆ తర్వాత పూలదండో చెప్పులదండో మీ ఇష్టం.